కార్డుదారునికి మాత్రమే

మా బావకి మాచర్లలో పురుగుమందుల కొట్టు ఉంది. నేను నరసరావుపేట కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతాను. సీసా మీద రాసిన మాటను నమ్మి అమ్మడం ఆయన వృత్తి, నమ్మకుండా చదవడం నా వృత్తి. మా ఇద్దరి మధ్య వాదాలు చాలావరకు ఈ తేడా మీదే నడిచాయి. అయినా కొత్త వస్తువు ఏది కొనాలన్నా ఆయన ముందు నాకే ఫోన్ చేసేవాడు. నేను వద్దన్నవాటిని చాలాసార్లు కొనేవాడు కూడా.

ఆ జూలైలో ఒక ఆదివారం నన్ను కొట్టుకి రమ్మన్నాడు. గల్లాపెట్టె మీద ఒక రంగుల కాగితం పరిచి నా వైపు తిప్పాడు. ఒక విమాన సంస్థ, ఒక బ్యాంకు కలిసి ఇస్తున్న క్రెడిట్ కార్డు తాలూకు కాగితమది. కార్డుతో ఏది కొన్నా పాయింట్లు వస్తాయి, పాయింట్లు పోగైతే విమానం టికెట్ వస్తుంది.

"ప్రతిదాంట్లో ఏదో ఒకటి తప్పు పడతావు గదయ్యా మాస్టారూ. దీంట్లో ఏముందో చూసి చెప్పు. మీ అక్క కోసం," అన్నాడు.

చివరి మాట అనకపోయి ఉంటే ఆ కాగితాన్ని అక్కడే ఎగతాళి చేసి ఉండేవాణ్ణి.

అక్కకి ఎముక మజ్జలో పుట్టే కాన్సర్ అని ఆ వేసవిలోనే తేలింది. నడుము నొప్పి అనుకుని ఏడాదిగా తైలాలు రాయించుకున్న మనిషికి వెన్నుపూస ఒకటి లోపల్లోపలే నలిగిపోయి ఉంది. మందులతో జబ్బును తగ్గించి, తరువాత మజ్జ మార్పిడి చేస్తే కొన్నేళ్ళు బాగుంటుందని గుంటూరు డాక్టరు చెప్పాడు. హైదరాబాదులో ఆ చికిత్స మా రెండు కుటుంబాలూ కలిసినా మోయలేనిది. ముంబైలో ఒక పెద్ద ఆసుపత్రిలో మోయగలిగేదే, కానీ అక్కడికి రెండుసార్లు చేరాలి. మొదటిసారి పరీక్షలకు, రెండోసారి మంచం ఖాళీ అయిందని వాళ్ళు పిలిచినప్పుడు. పిలిచాక ఆలస్యం చేయకూడదు. వెన్నుకు కుదుపులు తగలకూడదు గనుక రాత్రంతా రైల్లో తీసుకెళ్ళవద్దని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. విమానం దిగేటప్పుడూ కుదుపు ఉంటుంది గదా అని నేనడిగాను. ఉంటుంది, ఒక్కసారి ఉంటుంది అన్నాడాయన. ఆ జవాబులో తప్పేమీ కనిపించలేదు.

బావ భోజనానికి వెళ్ళే మధ్యాహ్నాల్లో కొట్టులో అక్కే కూర్చునేది. అందువల్ల ఆ మందుల వాసనే ఆమెను తినేసిందని వీధిలో అందరూ తేల్చేశారు. పిన్ని వరస అయ్యే ఒక పొరుగావిడ కొట్టుకొచ్చి నా ఎదుటే బావతో ఆ మాట అంది. ఒక్క మనిషి జబ్బును చూసి కారణం తేల్చలేమని, ఆ వాసనలోనే బతికి జబ్బు రానివాళ్ళూ, ఏ వాసనా ఎరగకుండా జబ్బుపడ్డవాళ్ళూ ఉన్నారని నేను చెప్పాను. నేను 'కాదు' అన్నానని బావ అనుకున్నాడు. నేనన్నది 'తెలియదు' అని.

ఇక ఆ కార్డు మీద ఆయనకు అంత ఆశ ఎందుకో చెప్పాలి. మా వైపు పురుగుమందుల డీలర్లకు కంపెనీలు టూర్లు ఇస్తాయి. సీజనులో ఇంత సరుకు ఎత్తితే బ్యాంకాక్, ఇంకా ఎత్తితే దుబాయ్. భార్యను కూడా తీసుకెళ్ళాలంటే ఇంచుమించు రెట్టింపు సరుకు ఎత్తాలి. దాన్ని జంట స్లాబు అంటారు. బావ మూడు టూర్లు చేశాడు, మూడూ ఒంటరి స్లాబులే. వచ్చేటప్పుడు హోటల్ గదిలో పెట్టే చిన్న చిన్న సబ్బులు తెచ్చి అక్కకు ఇచ్చేవాడు. ఆమె వాటిని వాడలేదు, పారేయలేదు. బీరువాలో చీరల మధ్య ఉంచింది. వచ్చే ఏడు జంట స్లాబు కొడతానని ఆయన ప్రతి ఏడూ అనేవాడు. టికెట్ డబ్బు పెట్టి కొనుక్కోవడం ఆయన దృష్టిలో డీలరు కానివాళ్ళు చేసే పని. డీలరు అన్నవాడికి టికెట్ రావాలి.

నేను ఆ వారమంతా కార్డు నిబంధనలు చదివాను. రంగుల కాగితం మీద ఉన్న ప్రతి వాగ్దానాన్నీ, దాని వెనక చిన్న అక్షరాల్లో ఉన్న షరతుతో పోల్చాను. ఉచితం అన్న మాట ముందుగా రాలిపోయింది. ఏటా కట్టవలసిన రుసుము ఉంది. పెట్రోలు మీద, ఇంకా చాలా ఖర్చుల మీద పాయింట్లు రావు. పాయింట్లతో ఇచ్చే సీట్లు ఏ విమానంలోనైనా కొన్నే ఉంటాయి. ముందుగా ఎక్కనిస్తామన్నది నిజమే, కానీ చక్రాల కుర్చీ అడిగిన రోగిని ఏ టికెట్ మీదనైనా ముందుగానే ఎక్కిస్తారు. విమానాశ్రయంలో విశ్రాంతి గది ఉచితమే, కార్డుదారునికి మాత్రమే. ప్రమాద బీమా పెద్ద మొత్తమే, అది విమాన ప్రమాదానికి. ఈ సంగతి ఇంట్లో బావకు చదివి వినిపించినప్పుడు పక్కగదిలో పడుకుని ఉన్న అక్క కలగజేసుకుంది.

"పైనుంచి పడి చస్తే ఇస్తారంటనా? మరి ఇంట్లో పడి చస్తే?"

బావ లేచి బయటికి వెళ్ళాడు. అక్క నవ్వబోయి నడుము పట్టుకుంది.

లాభాలు లేవని కాదు. మొదటి మూడు నెలల్లో ఒక హద్దు దాకా ఖర్చు పెడితే ఒకేసారి పెద్ద మొత్తంలో పాయింట్లు ఇస్తారు. అవి ఇద్దరు మనుషులు ముంబైకి రెండుసార్లు పోయి రావడానికి సరిపోతాయని లెక్క తేలింది. పాయింట్లతో తీసుకున్న టికెట్ తేదీని రుసుము లేకుండా మార్చుకోవచ్చు. ఆసుపత్రి తేదీలు మన చేతిలో ఉండవు కనుక ఇది నిజమైన మేలు. మామూలుగా అయ్యే ఖర్చునే కార్డు మీద పెడితే లాభమని, పాయింట్ల కోసం ఖర్చు పెంచితే నష్టమని, అన్నిటికంటే మేలు ఇప్పుడే డబ్బు పక్కన పెట్టి మామూలు టికెట్ కొనుక్కోవడమని బావకు చెప్పాను. ఆయన మొదటి ముక్క విన్నాడు.

ఆ మూడు నెలల హద్దు ఆయనకు స్లాబులాగే కనిపించింది. మిరప నాట్లు ఇంకా పడకముందే తామర పురుగు మందులు, తెగుళ్ళ మందులు సీజనుకంతటికీ కలిపి డిస్ట్రిబ్యూటరు దగ్గర ఎత్తాడు. డబ్బు ఆ కార్డు మీద కట్టాడు. కొట్టు వెనక గది నిండి, ఇంటి వరండాలోకి పెట్టెలు వచ్చాయి. ఇంత సరుకు పోతుందా అని అడిగితే, పోద్దిలే అన్నాడు. సెప్టెంబరులో పాయింట్లు వచ్చాయి. ఆ రోజు ఆయన నాకు ఫోన్ చేశాడు. "జంట స్లాబు కొట్టాను. మీ అక్కకి నువ్వే చెప్పు," అని పెట్టేశాడు.

మొదటి ప్రయాణానికి నేనూ వెళ్ళాను, నా టికెట్ నేను కొనుక్కుని. కారు వెనక సీటులో అక్కను దిండ్ల మధ్య పడుకోబెట్టి, సాగర్ మీదుగా హైదరాబాదు విమానాశ్రయానికి చేరాం. గుంత కనిపించిన ప్రతిచోటా డ్రైవరు ముందుగా చెప్పేవాడు, అక్క పళ్ళు బిగించి సిద్ధమయ్యేది. విమానాశ్రయంలో బావ కార్డు తీసి విశ్రాంతి గది తలుపు దగ్గర చూపించాడు. రెండో మనిషికి డబ్బు కట్టాలన్నారు. నేను ముందే చెప్పిన సంగతే అది. కడతానని ఆయన జేబులో చెయ్యి పెట్టాడు.

"నేను తినేది రెండు ముద్దలు. దానికి అంత పొయ్యాల్నా? నువ్వు పోయి తినిరాపో. ఎన్నిసార్లు పోలేదు ఒక్కడివే," అంది అక్క.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఎంతో, ప్రేమ ఎంతో నేను చెప్పలేను. బావ లోపలికి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా బయటికి వచ్చాడు. ఏమీ తినలేదు. చొక్కా జేబులోంచి ఒక అరటిపండు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

విమానంలో అక్కకు కిటికీ పక్క సీటు వచ్చింది. పైకి లేచేటప్పుడు కళ్ళు మూసుకుని బావ ముంజేయి పట్టుకుంది. మేఘాలు విడిపోయాక కిందికి చూస్తూ, మధ్యదారికి అవతల కూర్చున్న నన్ను పిలిచింది.

"ఒరేయ్, మన మాచర్ల ఎటుపక్కుంటదిరా?"

నేను వంగి చూశాను. కింద చెరువో, రిజర్వాయరో, ఏదో మెరుస్తోంది. సూర్యుణ్ణి బట్టి దిక్కు ఊహించవచ్చు గానీ అప్పటికి విమానం ఎటు తిరిగిందో నాకు నిశ్చయం కాలేదు. తెలియదన్నాను.

"తెలీదని చెప్పడానికేనా నిన్ను అంత చదివించింది," అంది. ముందు సీటులో ఎవరో నవ్వారు.

ముంబై డాక్టర్లు పరీక్షలు చేసి, గుంటూరులో ఇవ్వవలసిన మందులు రాసిచ్చారు. జబ్బు లొంగితే చలికాలం చివర్లో మార్పిడికి పిలుస్తామన్నారు. అక్క శరీరం మందులకు లొంగింది. ప్రతి నెలా రక్తపరీక్ష కాగితాలు నేను చూసేవాణ్ణి. మంచి వార్తను కూడా రెండో పరీక్షతో సరిచూసుకునే అలవాటు నాది. సరిచూసినా మంచి వార్తగానే నిలిచింది. సంక్రాంతి దాటేసరికి ఆమె కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చి, వరండాలో ఇంకా అలాగే ఉన్న మందు పెట్టెలను చూసి బావను తిట్టగలిగేది.

పెట్టెలు ఉండిపోవడానికి కారణముంది. ఆ ఏడు మిర్చి ధర పడిపోయింది. కోత కూలి కూడా రాని పంటకు ఇంకో పిచికారీ ఎందుకని రైతులు మానుకున్నారు. వచ్చినవాళ్ళు కూడా అరువు అడిగారు. సీజను చివర అమ్ముడుపోని సరుకును డిస్ట్రిబ్యూటరుకు వెనక్కి పంపడం ఈ వ్యాపారంలో ఎప్పటినుంచో ఉన్న రివాజు. కొట్టు తలుపులు వేసినంత మామూలు పని అది. బావ ఫిబ్రవరిలో పెట్టెలన్నీ వ్యానుకెక్కించాడు. కార్డు మీద కట్టిన డబ్బు కార్డు మీదికే తిరిగి వెళ్ళాలన్నది డిస్ట్రిబ్యూటరు పద్ధతి. డబ్బు అలాగే వెళ్ళింది. ఆ డబ్బు మీద వచ్చిన పాయింట్లూ, హద్దు దాటినందుకు ఇచ్చిన పెద్ద మొత్తమూ వెనక్కి పోయాయి. సగం మేము మొదటి ప్రయాణంలో వాడేశాము కనుక ఖాతాలో సున్న కన్నా కిందికి దిగి, అంకె ముందు ఒక గీత పడింది.

వెనక్కి ఇచ్చిన వస్తువుల మీద వచ్చిన పాయింట్లు రద్దవుతాయన్న వాక్యం నేను జూలైలోనే చదివాను. కొలత సరిపోక తిరిగిచ్చే చొక్కా గురించి రాశారనుకుని దాటిపోయాను. సరుకు వెనక్కి పోతుందని బావకు తెలుసు, నాకు తెలియదు. వాక్యం ఉందని నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఒకరినొకరు అడగవలసిన అవసరం ఇద్దరికీ తోచలేదు.

ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం ఉదయం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మంచం సిద్ధంగా ఉంది, బుధవారం లోపు చేరాలి. బావ సరేనని, నాకు ఫోన్ చేసి అన్నీ చూసుకుంటానన్నాడు. టికెట్లు తీయబోతే గీత కనిపించింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

తరువాత నాకు తెలిసినదాన్ని బట్టి, ఆయన ఆ రోజులన్నీ కార్డు వాళ్ళ ఫోను నంబరుతో గడిపాడు. ఆయనకు తెలిసిన లోకంలో ప్రతి కంపెనీకీ మాచర్లకు ఒక ఏరియా ఆఫీసరు ఉంటాడు. స్లాబుకు కొద్దిలో తప్పిపోయిన డీలరు ఆ ఆఫీసరును పట్టుకుని, భోజనం పెట్టి, కష్టం చెప్పుకుంటే, ఇంకో డీలరు మిగులును ఇతని కిందికి రాసి సర్దుతాడు. ఎప్పుడూ అలాగే జరిగింది. అందుకని ఆయన ఫోనులో మాట్లాడిన ప్రతి గొంతునూ మా ఏరియా ఆఫీసరు ఎవరమ్మా అని అడిగాడు. ఫిర్యాదు నమోదైంది, వారం పది రోజుల్లో జవాబు వస్తుందన్నారు. అది ఆయనకు మాట ఇచ్చినట్టు వినిపించింది. ఆసుపత్రికి ఫోన్ చేసి, రెండు రోజులు ఆలస్యమవుతుందన్నాడు. వాళ్ళు ఏమన్నారో హిందీలో ఆయనకు పూర్తిగా అర్థం కాలేదు.

బుధవారం రాత్రి అక్క నాకు ఫోన్ చేసింది.

"మీ బావ ఎవరినో బతిమాలుతున్నాడ్రా ఫోన్లో. నన్ను చూస్తే బయటికి పోతన్నాడు. ఏందో కనుక్కో. నేను సంచి సర్దుకోని కూచున్నా ఆదివారం నుంచి."

గురువారం పొద్దున్నే మాచర్ల చేరాను. బావ ఫోను నా చేతికి ఇచ్చి, గీత ఉన్న అంకెను వేలితో చూపించాడు. అక్కడే నిలబడి నా ఫోనులో మామూలు టికెట్లు కొన్నాను. ధర హెచ్చే, కానీ ఇవ్వలేని ధర కాదు. టీ చల్లారేలోపు పని అయిపోయింది. తరువాత ఆసుపత్రికి ఫోన్ చేశాను. జాబితాలో తరువాతి రోగికి మంచం ఇచ్చేశామని, మీ పేరు అలాగే ఉందని, ఇంకోటి ఖాళీ కాగానే పిలుస్తామని ఒకావిడ మర్యాదగా చెప్పింది. వాళ్ళ తప్పేమీ లేదు. ఎదురుచూసేవాళ్ళు మేమొక్కళ్ళమే కాదు.

ఈ సంగతి అక్కకు నేనే చెప్పాను. సంచిలోంచి ఒక చీర తీసి మడత సరిచేసి మళ్ళీ పెట్టింది. "ఆయన్నేం అనమాక," అంది. "నా కోసమే చేశాడు. చేతకాకపోతే మానుకోవాలని తెలీదు, అంతే."

మార్చి నడుమ జ్వరం వచ్చింది. రోగనిరోధక శక్తి లేని శరీరానికి జ్వరం అంటే ఏమిటో నాకు తెలుసు కనుక ఆ రాత్రే గుంటూరు తీసుకెళ్ళాం. ఊపిరితిత్తుల్లోకి దిగింది. వారం తిరగకుండానే అక్క పోయింది. ముంబై సంచి ఇంటి గదిలో సర్దినది సర్దినట్టే ఉంది. విప్పితే, చీరల అడుగున ఒక హోటల్ సబ్బు కనిపించింది. పేరు చెరిగిపోయింది గానీ కాగితం విప్పలేదు.

మే నెలలో బావ నన్ను మళ్ళీ కొట్టుకి పిలిచాడు. కొత్త సీజను సరుకు ఇంకా దిగలేదు, అరలు సగం ఖాళీ. ఫోను గల్లాపెట్టె మీద పెట్టి నా వైపు తిప్పాడు. ఫిర్యాదును పరిశీలించామని, ప్రత్యేక సందర్భంగా భావించి, వెనక్కి తీసుకున్న పాయింట్లను తిరిగి జమ చేశామని సందేశం.

"నేను చెప్పలా, అడిగితే సర్దుతారని," అన్నాడు. ఆ గొంతులో గెలుపు లేదు. జరిగిన ఒక సంగతిని నమోదు చేస్తున్నట్టుగా అన్నాడు.

ఒక రైతు వచ్చి పత్తి గింజలు ఎప్పుడొస్తాయని అడిగి వెళ్ళాడు. అప్పుడు బావ, నన్ను చూడకుండా, మార్చి నుంచి దాచుకున్నట్టుగా ఆ ప్రశ్న వేశాడు.

"బుధారం లోపల పోయుంటే బతికేదా? నిజం చెప్పు. నువ్వైతే అబద్ధం చెప్పవు."

నాకు తెలిసినంతలో ఆలోచించాను. మార్పిడి తొలి వారాల్లో శరీరం ఇంకా బలహీనపడుతుంది. అదే జ్వరం అక్కడ వచ్చి ఉండవచ్చు. అక్కడ పట్టుకుని నయం చేసి ఉండవచ్చు. అసలు రాకపోయి ఉండవచ్చు. వెళ్ళిన అక్కా, వెళ్ళని అక్కా ఇద్దరుంటే పోల్చి చెప్పగలను. నాకు ఒక్కతే అక్క. ఒక్క మనిషితో కారణం తేల్చలేమని అదే కొట్టులో ఏడాది క్రితం నేను అన్న మాట నాకూ గుర్తుంది, ఆయనకూ గుర్తుంది. అప్పుడు అది ఆయనకు ఊరట. ఇప్పుడు అదే మాటకు ఊరట ఇచ్చే గుణం లేదు.

"తెలియదు బావా."

"తెలీదంటే ఏంది? బతికేదనా, కాదనా?"

"ఏదైనా అయ్యుండొచ్చు."

ఆయన తల ఊపాడు. అలా అన్నందుకు నన్ను ఎగతాళి చేసే మనిషి ఇక ఆ ఇంట్లో లేదు.

కార్డు ఏటి రుసుము గడువు జూలై. రద్దు చేయమని చెప్పాను. ఈసారి తూచవలసిందేమీ లేదు, లాభం వైపు ఒక్కటీ లేదు. ఆయన ఇక విమానం ఎక్కడు. కంపెనీ ఆఫీసరు ఈ ఏటి టూరు సంగతి ఎత్తితే, ఏ స్లాబూ వద్దని పంపేశాడు. కార్డు తీసేస్తే పాయింట్లు పోతాయి గదా అని మాత్రం నన్ను అడిగాడు. పోతాయన్నాను.

"అయితే ఉండనీ. అవి దానివి," అన్నాడు.

రుసుము కట్టాడు. ఈ ఏడు కూడా కట్టాడు. ఆ పాయింట్లు ఖాతాలో ఉన్నాయి, ఇద్దరు మనుషులు ముంబైకి పోయి రావడానికి సరిపోతాయి. వాటికీ ఒక గడువు ఉందని నేను చదివాను. ఆ తేదీ నాకు తెలుసు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.